మా అత్త దుకాణంలో మల్లయ్యను బతికించిన సంగతి

మా చిన్నతనంలో, గడ్డిఅన్నారంలో మా మేనత్త కిరాణా దుకాణం నడిపేది. మధ్యాహ్నం పూట బేరాలు ఉండేవి కావు... ఆ వేళ ఆమె పాత కాగితాలు చింపి పొట్లాలు చుడుతూ కూర్చునేది. ఒంటిపూట బడి ముగించుకొని నేను అక్కడికే చేరేదాన్ని.

ఒకనాడు ఆ పాత కాగితాల కట్టలో లావుపాటి నవల ఒకటి వచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు... రాసినవారెవరో, తెలుగులోకి తెచ్చినవారెవరో నాకు ఈనాటికీ తెలియదు. వందల ఏళ్ల కిందట, సముద్రాలకు ఆవల, అజ్‌టెక్ అనే జనం ఏలిన రాజ్యంలో జరిగిన కథ అది. యుద్ధాలు, బందీలు, గుడిమెట్ల మీద నెత్తురు...

చింపబోతూ అత్త ఆగింది. "ఏమున్నదే గిండ్ల, జర సదువు."

ఆమెకు చదువు రాదు. నేను ఆరో తరగతి. రెండు పేజీలు వినేసరికి పుస్తకాన్ని పొట్లాల కాగితాల నుంచి వేరు చేసి, పప్పు డబ్బా మీద పెట్టింది. మూడోనాటికి పక్కింటి సత్తెమ్మ కూడా చాటలో బియ్యం పోసుకొని వచ్చింది. ఏరేది బియ్యమే గానీ, రాళ్లు అన్నంలోకి అలాగే వస్తున్నాయని వాళ్లాయన మొత్తుకునేవాడు.

అందులోని పేర్లు నోరు తిరిగేవి కావు. శత్రువులకు చిక్కిన ఒక యువకుడి పేరు నేను మూడుసార్లు తడబడితే అత్త విసుక్కుంది. "మల్లయ్య అను పిల్లా, పోతది."

ఆ మల్లయ్యను చంపకుండా, మంచి తిండి పెట్టి, పూలదండలు వేసి, ఏడాదిపాటు దేవుడిలా చూసుకుంటారు.

"గింత మంచిగ జూస్తున్నరంటే మోసం ఉన్నట్టే," అంది అత్త.

"మా అత్తగారింట్ల గూడ మొదటి నెల గిట్లనే జూసిండ్రు వదినా," అంది సత్తెమ్మ.

ఏడాది నిండిన రోజు పేజీ వచ్చింది. నలుగురు పూజారులు కాళ్లూ చేతులూ పట్టుకుంటారు, ఐదోవాడు గుండె మీదికి నల్లరాతి కత్తి ఎత్తుతాడు... కింది వాక్యాలు నా కళ్లు ముందే చదివేశాయి. తలెత్తి చూస్తే అత్త చేతిలో పొట్లం సగంలో ఆగి ఉంది.

నేను పుస్తకంలోకి చూస్తూనే, అందులో లేనిది చదివాను. "అతన్ని విడిచిపెట్టి, బదులుగా మేకపోతును బలి ఇచ్చారు."

బోనాలకు మా ఇంట్లో జరిగేది అదే కదా... నాకు తెలిసిన బలి అది ఒక్కటే.

"బతికిండు పోరడు," అని అత్త ఊపిరి వదిలింది. సత్తెమ్మ మాత్రం చాట దులుపుకొని లేచింది. "గంతేనా? నేను ఇంకేందో అయితదనుకుంటి."

ఆ తర్వాత కథలో మల్లయ్య కనిపించలేదు. అత్త రోజూ అడిగేది. తల్లిగారి ఊరికి వెళ్లాడని ఒకనాడు, జ్వరం వచ్చిందని ఒకనాడు చెప్పాను.

పది రోజులకు, తెల్లవాళ్లు ఓడల్లో వచ్చే అధ్యాయం మొదలైంది. వాళ్ల గుర్రాలను చూసి జనం హడలిపోతారు. "ఆ దేశంలో అంతకుముందు గుర్రం లేదు, ఆవు లేదు, మేక లేదు," అని ధారగా చదువుతూ పోయాను.

"ఆగు," అంది అత్త. "మేకలు లెవ్వా?"

"లేవని రాసిండ్రు అత్తా."

"మరి గా దినం కోసిన యాట యాడికెల్లి వచ్చింది?"

"మన కర్మన్‌ఘాట్ కెల్లి తోలుకవొయిండ్రేమో వదినా," అని సత్తెమ్మ నవ్వింది.

అత్త నవ్వలేదు. "మల్లయ్య ఏమైండే?"

"బతికే ఉన్నడు," అన్నాను. ఒప్పుకునే ధైర్యం లేకపోయింది.

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. "ఇగ నువ్వు సదువకు. నాకు అచ్చరాలు నేర్పు."

నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను. కాదు... అక్షరాల పుస్తకం తెస్తే పక్కన పెట్టింది, మల్లయ్యను పట్టుకున్న ఆ పేజీతోనే నేర్పమంది. అందరూ అ అంటే అమ్మ అని మొదలుపెడతారు. మా అత్త గు అంటే గుండె అని మొదలుపెట్టింది. వానాకాలమంతా ఆ ఒక్క పేజీయే. నేను నేర్పే ప్రతి అక్షరమూ నా అబద్ధానికి దగ్గరగా వస్తోందని నాకు తెలుసు. ఆపమనలేను. మునుపటిలా "జర సదువు" అంటుందేమోనని ఎదురుచూసేదాన్ని. అనలేదు.

బతుకమ్మ పండుగ ముందు ఒక మధ్యాహ్నం, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఆ పేజీ మొదటి నుంచి చివరిదాకా తానే చదివింది. ఎక్కడా దాటలేదు. సత్తెమ్మ చాట కింద పెట్టేసింది.

"సచ్చిండు," అంది అత్త.

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఏడుస్తవని భయపడ్డ అత్తా," అన్నాను.

"ఏడ్వనియ్యకపోతివి గద బిడ్డా. గిన్ని నెలల సంది వాడు బతికిండనుకుంట తిరిగిన. సచ్చినోనికి ఏడ్చెటోళ్లే లేకపోయిరి."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

మిగిలిన నవలను ఆమే చదివింది, రోజుకు అర పేజీ చొప్పున. సత్తెమ్మా నేనూ వినేవాళ్లం. నా చేత మళ్లీ ఎన్నడూ చదివించుకోలేదు...

నేను కళాశాల చదువు చదివాను, ఉద్యోగం చేశాను. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను, కావలసిన పుస్తకం నేనే కొనుక్కుంటున్నాను. నిన్న ఫోనులో ఒక పాఠకుల బృందం అజ్‌టెక్ రాజ్యం మీది నవలనొకదాన్ని తెగ మెచ్చుకుంటూ కనిపించింది. ఎవరో, బలి ఉన్న అధ్యాయం వదిలేసి చదువుకోవచ్చని సలహా ఇచ్చారు. కింద చాలామంది కృతజ్ఞతలు చెప్పారు.

ఇప్పుడు ఎవరి పేజీలు వారే తిప్పుకుంటున్నారు, ఎవరికి వారే దాటేసుకుంటున్నారు... పక్కన కూర్చొని "మరి యాట యాడికెల్లి వచ్చింది?" అని అడిగేవారు లేరు.

మీ ఇంట్లో మీకు చదివి వినిపించినవారు ఏ పేజీని మార్చి చదివారో, అది మీకెప్పుడు తెలిసిందో... గుర్తుంటే రాయండి.