సూర్యలంక సీసాకు నాచారం పరీక్ష

రెండు వేల పది దాటిన తొలి ఏళ్లలో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని ఒక సీసాల ఫ్యాక్టరీకి నాణ్యతా విభాగం మేనేజరుగా వేశారు. కొలిమి దాటి వచ్చే సీసాల్లో పనికిరానివి ఏరించి, పగలగొట్టించి, మళ్లీ కరగడానికి పంపడం మా పని. నా కంటి ముందు నుంచి లోపమున్న సీసా బయటికి పోదని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక వేసవిలో మా షిఫ్టు సూపర్‌వైజర్ యాదగిరి తువ్వాలులో చుట్టి ఒక సీసా తెచ్చాడు. ముదురాకుపచ్చది, దాదాపు నలుపు. మెడ ఒక పక్కకు వాలింది. సూర్యలంక బీచిలో అతని భార్య స్వరూపకు దొరికిందట. వాళ్లు ఉప్పల్‌లోని ఇంటికి తిరిగి రాగానే వాళ్ల పాపకు టైఫాయిడ్ వచ్చింది. మందులతో తగ్గింది కూడా. అయినా యాదగిరి తల్లి, ఎవరో దిష్టి తీసి పారేసిన సీసాను కోడలు ఇంట్లోకి తెచ్చిందని తేల్చేసింది. అడుగున ఉన్న గరుకు మచ్చ, లోపల ఏదో పెట్టి మూసిన గుర్తే అంది. కోడలి చేతి అన్నం ముట్టడం మానేసింది.

"పారేస్తే అయిపోతుండె మేడం. గనీ పారేస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని స్వరూప పట్టుబట్టింది. అదేందో మీరే జెప్పాలె," అన్నాడు.

భూతద్దం కింద పెట్టి చూశాను. అచ్చులో పోసిన సీసాకు పక్కల అతుకు గీత ఉంటుంది, దీనికి లేదు. గాజులో బుడగలు మెడవైపు సాగి ఉన్నాయి. వాలిన మెడ, బుడగలు మా లెక్కలో పగలగొట్టాల్సిన లోపాలు. ఇక్కడ అవే సాక్ష్యాలు. మూతి తీర్చేటప్పుడు సీసా అడుగును ఒక కడ్డీకి అతికించి పట్టుకునేవారు. ఆ కడ్డీని విరిచేసిన చోట మిగిలిందే ఆ మచ్చ. యంత్రాలు రాకముందు చేసిన సీసా. ఏ దేశానిదో చెప్పలేను.

ఆదివారం వాళ్లింటికి వెళ్లి, పెద్దావిడకు ఇదంతా ఓపికగా చెప్పి, "ఇది మనిషి నోటితో ఊది చేసిన సీసా" అని గొప్పగా ముగించాను.

"నోటితోనా? అంటే ఎంగిలిదా!" అని ఆమె చీర కొంగు దగ్గరికి లాక్కుంది. "ఎవని ఎంగిలో తెచ్చి ఇంట్ల వెట్టిన్రా?"

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

వంటింటి గడప దగ్గర నుంచి స్వరూప అడిగింది. "అత్తమ్మా, ఊర్ల నువ్వు గొట్టంతోని పొయ్యి ఊదుతుంటివి గద. ఆ అన్నం మేమంత తిన్నం. అది ఎంగిలన్నమా?"

సీసా ఊదేది కూడా ఇనుప గొట్టంతోనే. సీసాకు నోరు తగలదు. మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి గనకే, చెప్పాలని నాకు తట్టలేదు. ఇప్పుడు చెప్పాను.

గొట్టం ఎంత పొడుగని పెద్దావిడ అడిగింది. నా గుండెల ఎత్తు చూపించాను. ఆమె సీసాను మొదటిసారి చేతిలోకి తీసుకుంది.

"గంత గొట్టమా? పొద్దంత ఊదితే వాని రొమ్ము ఎంత నొచ్చిందో," అంది. సీసాను కింద పెట్టి కోడలి వైపు తిరిగి, "ఆకలైతుంది, ఇంత అన్నం వెట్టు," అంది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, రిపోర్టు రాసే ప్రతి ఇన్‌స్పెక్టరుకూ ఒకటే చెప్పేదాన్ని: మనకు మరీ తెలిసిందని వదిలేసే సంగతే ముందు రాయండి, చదివేవాడికి తెలియనిది అదే.