వద్దన్న గుప్పెడు

జ్ఞానసుందరి గజపతినగరం మిషను బడిలో టీచరు. ఆమెకు పిల్లలు లేరు. భర్త ఏసురాజు సువార్త పుస్తకాలు సంచిలో వేసుకుని సంతలు తిరిగేవాడు. ఒక వానాకాలం జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయాడు. మిషను గుడి వెనక ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఆమెకు మిగిలింది.

సాలూరు రోడ్డు మీద కంకర కొట్టే కూలీలు ఏడాదిలో నాలుగు ఊళ్లు మారేవారు. వాళ్ల పిల్లలు ఏ బడిలోనూ రెండు నెలలు నిలిచేవారు కాదు. వాళ్లలో ఒకతె, మరిడమ్మ, ఒకరోజు తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది. ఆ పిల్ల పేరు నీలవేణి, వయసు ఆరేళ్లు. ఉంచుకోమని మరిడమ్మ అడగనూ లేదు, జ్ఞానసుందరి ఉంచుకుంటానని చెప్పనూ లేదు. సాయంత్రానికి పిల్ల ఉండిపోయింది. తర్వాత మరికొందరు వచ్చారు. ఐదో ఏటికి ఆ ఇంట్లో ఎనిమిది మంది ఆడపిల్లలు ఉన్నారు.

వాళ్లు తిన్నది ఊరి బియ్యం. గుడికి వచ్చే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన ముంతలో వేసేవారు. అది దేవుడి పేరున తీసిన గుప్పెడు. ఆ ముంతలు జ్ఞానసుందరి ఇంటికి మళ్లాయి. ఆ సంగతి విని రైతుల వీధిలో నారాయణమ్మ తానూ ఒక ముంత పెట్టింది. ఆమె గుడికి వచ్చే మనిషి కాదు. కానీ ఆమె పెట్టాక ఆ వీధిలో మిగతా ఇళ్ల వాళ్లూ పెట్టారు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరు పిల్లలు సంచి పట్టుకుని వెళ్లేవారు. ఇంటివాళ్లు గడప లోపల నుంచి ముంత వంచేవారు. పిల్లలు గడప బయట సంచి మూతి తెరిచి పట్టుకునేవారు. అంటూ ముట్టూ పాటించే రోజులవి. అయినా నారాయణమ్మ నీలవేణిని ఊరికే పంపేది కాదు. ఖరగపూర్ రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గర నుంచి ఉత్తరం వస్తే శనివారం దాకా దాచి ఉంచేది. పిల్ల మెట్టు మీద కూర్చుని చదివేది. "మెల్లిగా సదవవే గుంటా, రైలేటి ఎల్లిపోతాదా?" అని నారాయణమ్మ కసిరేది. చదివిందే మళ్లీ చదివించుకునేది. పక్కిళ్ల వాళ్లు తమ ఉత్తరాలు తెచ్చేవారు. పిల్లలు ఇల్లు చేరేసరికి పొద్దు వాలేది.

జ్ఞానసుందరికి ఆ శనివారాలు గిట్టేవి కావు. తన చిన్నప్పుడు, మిషను వాళ్లు చేరదీయకముందు, ఆమె గంజి కోసం గిన్నె పట్టుకుని గడపల ముందు నిలబడింది. ఆ సంగతి ఏసురాజుకు కూడా చెప్పలేదు. సంచితో వెళ్లే పిల్లల్ని చూసినప్పుడల్లా తలుపు వెనక్కి తప్పుకునేది.

అరవై ఆరులో పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా అప్పారావు ఒక కాగితం తెచ్చాడు. ఇలాంటి చిన్న సంస్థలకు పట్నంలో ఒక సర్కారు బోర్డు గ్రాంటు ఇస్తోందని చెప్పాడు. అతనే కూర్చుని దరఖాస్తు నింపాడు. ఊరివారి సహాయం అన్నచోట, శనివారం బియ్యం సంగతి ఆమెను అడక్కుండానే రాసేశాడు.

చూడడానికి బోర్డు నుంచి ఒకావిడ వచ్చింది. వచ్చింది శనివారమే. ఆమె కుర్చీలో కూర్చుని ఉండగా పిల్లలు బియ్యం సంచి మోసుకుని లోపలికి వచ్చారు. ఆవిడ ఏ ఇళ్లు, ఎన్నాళ్ల నుంచి, ఎందుకు అని పిల్లల్నే అడిగింది. నీలవేణి ఉత్తరాల సంగతి కూడా చెప్పింది. ఆవిడ చాలాసేపు రాసుకుంది. జ్ఞానసుందరి తల వంచుకుని కూర్చుంది. తమ అడుక్కునే బతుకు కాగితం మీదికి ఎక్కుతోందని అనుకుంది.

గ్రాంటు వచ్చింది. బియ్యం, బట్టలు, పలకలు దాంతో గడిచిపోతాయి. ఆ వారమే జ్ఞానసుందరి ఇస్త్రీ చీర కట్టుకుని ఇంటింటికీ వెళ్లింది. ఇక మీకు శ్రమ అక్కర్లేదని, పిల్లలు ఇకమీదట రారని చెప్పింది. గుడి వీధిలో వాళ్లు సంతోషించారు. నారాయణమ్మ మాత్రం చేటలో బియ్యం చెరగడం ఆపి ఆమెను కిందినుంచి పైకి చూసింది.

"ఏటి టీచరమ్మా, మా బియ్యంలో రాళ్లేటైనా తగిలాయా?"

"అయ్యో, అదేం మాట నారాయణమ్మగారూ. ప్రభుత్వం వాళ్లు ఇస్తున్నారు."

"గవర్మెంటోళ్లు ఇత్తే ఇయ్యనీ. నా గుప్పెడు నానేత్తాను. నీకేటి?"

పిల్లలకు చదువు పాడవుతోందని జ్ఞానసుందరి అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నారాయణమ్మ మళ్లీ చేట అందుకుంది.

రెండేళ్లు ఇల్లు చల్లగా నడిచింది. పిల్లలకు రెండేసి జతల బట్టలు ఉండేవి. శనివారం మధ్యాహ్నాలు వాళ్లు లెక్కలు చేసుకునేవారు. నీలవేణి ఏడో తరగతికి వచ్చింది. ఆ పరీక్ష గట్టెక్కితే టీచరు ట్రైనింగు దాకా తోవ దొరుకుతుందని జ్ఞానసుందరి ఆశ పెట్టుకుంది. ఏడేళ్ల కష్టంలో చదువు అంతదూరం లాగినది ఆ పిల్ల ఒక్కతే.

గ్రాంటు పొడిగించడానికి మళ్లీ కాగితం నింపాల్సి వచ్చింది. ఈసారి ఆమే నింపింది. ఊరివారి సహాయం అన్నచోట 'లేదు' అని రాసింది. ఆ మాట రాస్తున్నప్పుడు ఆమెకు గర్వంగా ఉంది. అప్పారావు చూసి తల గీరుకున్నాడు.

"బియ్యం ఇత్తన్నారని రాసెయ్యండి టీచరమ్మా. ఎవడొచ్చి సూస్తాడు?"

లేనిది రాయనంది. ఆ కాగితం అలాగే వెళ్లింది.

అరవై తొమ్మిది వేసవి చివర జవాబు వచ్చింది. అప్పారావు చదివి వినిపించాడు. ఊరివారు తమంతట తాము గుప్పెడు బియ్యం ఇస్తూ పిల్లలను తమవాళ్లుగా చూసుకుంటున్నారన్న కారణం చేతనే మొదట గ్రాంటు ఇచ్చామని, ఇప్పుడు ఆ సహాయం లేదని సంస్థే చెప్పింది గనక కొనసాగించలేమని అందులో ఉంది. జ్ఞానసుందరి ఆ ఉత్తరం అతని చేతిలోంచి తీసుకుని తనే మరోసారి చదువుకుంది. బోర్డు ఆవిడ అంతసేపు ఏం రాసుకుందో అప్పటికి తెలిసింది.

వానలు ఆలస్యమైన ఏడు అది. ఆమె మళ్లీ ఇంటింటికీ బయలుదేరింది. గుడి వీధిలో ముంతలు వేరే పనికి పోయాయి. కొత్త కోడళ్లకు ఆ అలవాటే తెలియదు. నారాయణమ్మ ఇంటి ముందు పోస్టుమాను సైకిలు దిగి ఉత్తరం చదివి పెడుతున్నాడు. అతను వెళ్లేదాకా జ్ఞానసుందరి రోడ్డు పక్కన నిలబడింది.

ఉత్తరం సంగతి చెబుదామనే వెళ్లింది. ఇల్లు మూతపడేలా ఉందని, నీలవేణి పరీక్షకు ఇంకా ఎనిమిది నెలలు ఉందని చెప్పడానికి మాటలు కూర్చుకుంది. తీరా గడప ముందు నిలబడేసరికి చిన్నప్పటి గంజి గిన్నె గుర్తొచ్చింది. ఈ నెల కొంచెం ఇబ్బందిగా ఉందని, వీలైతే కొంత బియ్యం కావాలని మాత్రం అంది.

నారాయణమ్మ ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి చేట నిండా బియ్యం తెచ్చి పోసింది.

"నువ్వు వద్దన్న కాడ్నుంచి నా సెయ్యి ఆ ముంత మీదికి ఎల్లనేదు. అలవాటు తప్పిపోనాది," అంది.

గుప్పెడైతే మళ్లీ శనివారం వస్తుంది. చేటెడు పోశారంటే అది అంతటితో సరి. జ్ఞానసుందరికి అది దారిలోనే అర్థమైంది. వెనక్కి వెళ్లి అసలు మాట చెప్పాలనుకుంది. వెళ్లలేదు.

ఆ బియ్యం, తన జీతం కలిపి దసరా దాకా ఈడ్చింది. చిన్నపిల్లల్ని ఒక్కొక్కరినే వాళ్లవాళ్లు వచ్చి తీసుకుపోయారు. చివరికి మరిడమ్మ వచ్చింది. ఆమె చేతులు కంకర దెబ్బలకు నల్లబడి ఉన్నాయి. జ్ఞానసుందరి క్షమించమని అడగబోయింది. మరిడమ్మకు వినే తీరిక లేదు. సాలూరు లారీ వాడు రోడ్డు మీద ఆగి ఉన్నాడు.

"ఇన్నాళ్లు సదివించావు కదమ్మా. మాలో ఎవులు సదివారు అంత," అంది.

పరీక్షకు పంపిస్తావా అని అడిగితే, అప్పటికి ఏ ఊళ్లో ఉంటామో తెలియదంది. నీలవేణి పుస్తకాల మూట లారీ మీదికి అందించి తానూ ఎక్కింది. ఏడవలేదు. టీచరమ్మ వైపు చూడనూ లేదు.

తిరిగి వస్తుంటే నారాయణమ్మ అరుగు మీద నుంచి కేకేసింది. లారీ మీద ఎక్కింది నీలవేణేనా అని అడిగింది. జ్ఞానసుందరి అవునంది. పరీక్ష అయ్యేదాకా ఉంచలేకపోయావా అని అడిగింది. గ్రాంటు ఆగిపోయిందని జ్ఞానసుందరి చెప్పింది. ఎప్పుడు ఆగిందని ఆమె అడిగింది. వేసవిలో అని చెప్పాల్సి వచ్చింది.

నారాయణమ్మ లారీ వెళ్లిన రోడ్డు వైపు చూసింది.

"బియ్యం కావాలన్నావు. గుంట ఎల్లిపోతాదని సెప్పనేదు," అంది. "ఒక గుంటకి కూడెట్టనేనా నాను?"

జ్ఞానసుందరి ఆ గడప ముందు ఎండలో నిలబడింది.