లవాన్ జార్జియా ఎందుకు వెళ్ళింది

తుపాను వెలిసిన మూడో రోజే టౌన్ క్లర్కు లవాన్ ఊరి ట్రక్కేసుకుని పక్క రాష్ట్రం జార్జియాకు పారిపోయిందని హాడ్లీ బే ఊళ్ళో పుట్టిన మాట శుద్ధ అబద్ధం. పక్కింటి మిస్ ఆర్డిత్ నలుగురినీ ఆరా తీసి మరీ ఆ సంగతి తేల్చింది.

"ఈపాటికి అక్కడ ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటుందిలే!" అని రొయ్యల రేవులో ఒకటే వెటకారం.

అప్పటికి కుళాయిలు ఎండిపోయి ఉన్నాయి. జీతాలు రాకపోతే పొరుగూళ్ళలో ఇళ్ళ కప్పులేసే పనికి పోతామని నీళ్ళ ప్లాంటువాళ్ళు అంటున్నారు. వాళ్ళు పోతే ఊరికి నీళ్ళు లేనట్టే. కేంద్రం సాయం అందేదాకా గట్టెక్కడానికి రాష్ట్రం వడ్డీ లేని అప్పు ఇస్తుంది. కానీ దానికి ఊరి కౌన్సిల్ సభ్యులు కనీసం ముగ్గురు ఊళ్ళోనే, జనం ఎదుట కూర్చుని తీర్మానం చేయాలి. ఉన్నది ఒక్కడే. మిగతావాళ్ళు తుపానుకు జార్జియాలోని చుట్టాలిళ్ళకు చెదిరిపోయారు.

లవాన్ జార్జియా అంతా గాలించి ఇద్దరిని పట్టుకొచ్చింది. కప్పు లేచిపోయిన టౌన్‌హాలు ముందు మడత కుర్చీల్లో కూర్చుని ముగ్గురూ చేతులెత్తారు. అప్పు ఖాయమైంది, పనివాళ్ళు ఉండిపోయారు, కుళాయిల్లో నీళ్ళొచ్చాయి.

అయినా ఆర్డిత్‌కు ఒక్కటి మింగుడుపడలేదు. చివరికి లవాన్‌ను మొహం మీదే అడిగేసింది.

"ఏమే పిల్లా, వెళ్ళేముందు నా చెవిన వేస్తే ఊరి నోళ్ళన్నీ నేనే మూయించేదాన్ని కదా! ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరూ బండెక్కేసేవారు మిస్ ఆర్డిత్. ట్రక్కులో నాతో కలిపి ఉన్నవి మూడే సీట్లు. కౌన్సిల్ వాళ్ళనెక్కడ కూర్చోబెట్టను?"