కొట్టంలో మందు

"ఏ మందండీ?" అని డాక్టరమ్మ రెండోసారి అడిగేసరికి మా అన్న కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆరోగ్య కేంద్రం గదిలో నేనూ నర్సూ మిగిలాం. వీడియో తెర మీద ఆ డాక్టరమ్మ ఇంకా ఖాళీ కుర్చీ వైపే చూస్తోంది.

మాది బోధన్ దగ్గర ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అన్న చెరకు మాని వరిలోకి దిగాడు. దానికి తట్టుకున్నాడు. వదిన పోయాక మాత్రం నిద్రపోవడం మానేశాడు. పొలానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, నాగలి ముట్టకుండానే తిరిగొచ్చేవాడు. నిజామాబాద్ తీసుకెళ్తానంటే, "పిచ్చి దవఖానకు నేను రాను" అన్నాడు. చివరికి మా ఊరి కేంద్రంలోనే తెర మీద డాక్టరుతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు.

తెర అవతల కూర్చునేది మానసిక వైద్యం చదువుతున్న పిల్లలు. పత్రికలో పనిచేస్తుండగా ఒకసారి వాళ్ల శిక్షణ చూశాను. పెద్ద డాక్టరు గారు ఒకరిని రోగిగా కూర్చోబెట్టి, ఇంకొకరి చేత అడిగించేవారు. "తెర మీది మొహం వంక కాదు, కెమెరా వంక చూడు. అప్పుడే నువ్వు తనను చూస్తున్నావని రోగికి తెలుస్తుంది" అనేవారు. రోగి మాట్లాడకపోతే తొందరపడి మాటలు అందించొద్దనేవారు. నేను అవన్నీ రాసుకుని, ఒక ఆదివారం కథనం చేసి మర్చిపోయాను.

ఆ గురువారం తెర వెలగగానే అన్న నా చెవిలో, "గీ పిల్లనా డాక్టరు? టీవీల వార్తలు సదివేటామె లెక్కున్నది గదరా పేపరోడా" అన్నాడు.

ఆ మాట మైకులోంచి అవతలికి వినబడింది. "వార్తలు మీరే చెప్పాలండీ" అని నవ్విందా అమ్మాయి. కోస్తా యాస. అన్న కూడా నవ్వాడు. చాలా రోజులకు.

"నిద్ర పడుతోందా అండీ?"

"ఏడ పడ్తది బిడ్డా."

"భోజనం?"

"కోడలు పెడ్తది. తింట."

"మందు ఇంట్లో ఉందా అండీ, అయిపోయిందా?"

"ఉన్నది. కొట్టంల ఉన్నది."

ఆమె తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లబోయింది. తెరలో ఆమె వెనక నుంచి పెద్ద డాక్టరు గారి గొంతు వినిపించింది. "ఆగమ్మా. ఏ మందో అడుగు."

అప్పుడే నాకు అర్థమైంది. ఆ అమ్మాయి అడిగింది కేంద్రంలో ముందే ఇచ్చిన, వేసుకునే మాత్రల గురించి. మా వైపు వాటిని గోలీలంటారు. అవి ఇంట్లో గూట్లో, దేవుడి పటం పక్కన ఉంటాయి. పశువుల కొట్టంలో ఉండేది చేనుకు కొట్టే పురుగుల మందు.

ఆమె అడిగింది. మళ్లీ అడిగింది. అన్న లేచి వెళ్లాడు.

నేను వెనకే వెళితే, బయట బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూ కనిపించాడు. "ఏందిరా అట్ల సూస్తవ్? ఎవుసం జేసేటోని కొట్టంల మందుండదా?" అన్నాడు. మాటలో తప్పు లేదు. ఊళ్లో అందరి కొట్టాల్లోనూ ఉంటుంది. కానీ నా మొహం చూడలేదు.

అదే సాయంత్రం పెద్ద డాక్టరు గారు ఫోన్లో చెప్పినట్టు, అన్న కొడుకు ఆ మందు డబ్బాలన్నీ తీసుకెళ్లి పక్క ఊళ్లో మేనమామ ఇంట్లో పెట్టాడు. అన్న అరుగు మీద కూర్చుని చూశాడు. "నన్ను సంటి పిలగాన్ని జేసిండ్రు" అన్నాడంతే. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇప్పటికీ గురువారం గురువారం వెళ్తున్నాం. నన్ను గది బయటే ఉండమంటాడు. గోలీలు వేసుకుంటున్నాడు, నిద్ర కాస్త నయం. ఆ అమ్మాయి ఇప్పుడు "గోలీలు" అనే అంటుందట. ఈ ఏడాదితో ఆమె చదువు అయిపోతుంది, వాళ్ల ఊరు వెళ్లిపోతుంది. ఆమెతో తప్ప ఇంకొకరితో మాట్లాడనని అన్న ఇప్పటినుంచే అంటున్నాడు.

ఏ మందు అన్నదానికి మాత్రం ఆమెకు గానీ నాకు గానీ ఇంతవరకు జవాబు చెప్పలేదు.