కోర్ఫులో కాఫీ ట్రే

మొన్న శనివారం ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో కూరగాయలు కొంటుంటే, ఒక మూల అట్టపెట్టెలో బొటనవేలంత నారింజలు కనబడ్డాయి. కమ్‌క్వాట్లు అంటారు వాటిని, తొక్కతోనే తినేస్తారు. ఒక్కటైనా కొరకకముందే నాలుక మీద ఆ చేదు కలిసిన పులుపు తగిలినట్టయింది, దాంతోపాటే గ్రీసులోని కోర్ఫు దీవిలో నేను గడిపిన ఒకే ఒక్క రోజు గుర్తొచ్చింది. స్టడీ పర్మిట్ చేతపట్టుకుని మనవాళ్ళు విమానాల నిండా దిగిన ఆ ఏళ్ళలోనే మీరూ వచ్చి ఉంటే, నా అప్పటి మనసు మీకు వేరే చెప్పక్కర్లేదు. అద్దెకు గది ఉందన్నా, ఎక్కడో ఉద్యోగం ఉందన్నా, ఆఖరికి గుడిలో ఎవరైనా రెండోసారి పులిహోర వడ్డించినా, ఎందుకు వడ్డిస్తున్నారా అని వాళ్ళ మొహం వంక చూసేవాళ్ళం.

చదువుకునే రోజుల్లో విండ్సర్‌లో నేనూ మరో ముగ్గురు అమ్మాయిలూ ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పైన ఇంటి ఓనరు, రిటైరైన తెలుగు డాక్టరు గారు, ఒక్కరే ఉండేవారు. ఆంటీ అని పిలిచేవాళ్ళం. ఒక సాయంత్రం ఆవిడ మెట్లు దిగి వచ్చి, గ్రీసు వెళ్తున్నానని, తోడు రావాల్సిన స్నేహితురాలు మానేసిందని, ఈ మోకాళ్ళతో ఒంటరిగా తిరగలేనని, ఖర్చంతా తనదేనని, నన్ను రమ్మని అడిగారు. నలుగురిలోకీ తక్కువ మాట్లాడేదాన్ని, పుస్తకంలోంచి తల ఎత్తనిదాన్ని, తోడుకు నన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది నా మొదటి అనుమానం. వరంగల్ నుంచి వచ్చిన రూమ్‌మేట్ మాత్రం తేల్చి చెప్పేసింది. "ఉత్తగనే ఎవరన్నా టికెట్ కొనిస్తరానే? వచ్చేటప్పుడు కిడ్నీలు రెండూ ఉన్నయో లేవో చూస్కో." అయినా వెళ్ళాను. లైబ్రరీలో కూర్చుని వెనిస్ వాళ్ళు ఒకప్పుడు గ్రీసు దీవుల్లో కట్టిన కోటల గురించి చదివీ చదివీ, ఒక్కటైనా కళ్ళారా చూడాలన్న ఆశ భయాన్ని మించిపోయింది.

ఏథెన్స్‌లో దిగగానే ఆంటీ నా పాస్‌పోర్ట్ తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని జిప్ లాగేశారు. పిల్లలు పారేసుకుంటారట. కెనడా వీసా అందులోనే ఉంది, స్టడీ పర్మిట్ దాని మడతలోనే ఉంది. అది చేతికి రాకపోతే నాకు విండ్సర్ లేదు, చదువు లేదు. ఆ రాత్రి డైరీ తెరిచి కూడా ఏమీ రాయలేకపోయాను.

కోర్ఫు పాత ఊరు మాత్రం నేను ఊహించినదానికంటే బాగుంది. వెలిసిన పసుపు, గులాబీ రంగుల ఎత్తైన ఇళ్ళు, వాటి మధ్య గొడుగు విప్పితే పట్టనంత సన్నని సందులు, తలెత్తితే ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి కట్టిన తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు, నడిచీ నడిచీ నున్నబడిన రాళ్ళు. ఒక మిఠాయి కొట్టాయన పంచదార పాకంలో ఊరిన కమ్‌క్వాట్ చేతిలో పెడితే, ఆంటీ తిని బాగానే ఉన్నారని చూశాకే నేను నోట్లో వేసుకున్నాను. ఆ పొద్దంతా ఆవిడ నన్ను అటు తిరుగు, ఇటు తిరుగు అంటూ ఫోటోలు తీస్తూనే ఉన్నారు. అవి ఎవరికో పంపుతున్నారు కూడా. పోచంపల్లి చుడీదారు వేసుకోమని పొద్దున్నే పట్టుబట్టారు. మోకాళ్ళ నొప్పి అన్న మనిషి మెట్లన్నీ చకచకా ఎక్కేస్తున్నారు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద పాత కోట కనబడుతూనే ఉంది, అటు వెళ్దామంటే మాత్రం, "ముందు కాఫీ తాగుదాం తల్లీ," అంటూ ఫోన్‌లో టైమ్ చూసుకుంటున్నారు.

కోట ఎదురుగా పెద్ద మైదానం, దాని అంచున కమానుల కింద కాఫీ హోటళ్ళు. విచిత్రం ఏమిటంటే ఆ మైదానంలో క్రికెట్ ఆడుతున్నారు. మేము కూర్చున్న కాసేపటికి, కెనడా నుంచే సెలవులకు వచ్చిన ఒక తెలుగు జంటా, వాళ్ళబ్బాయీ వచ్చారు. "డాక్టరు గారూ, మీరేంటండీ ఇక్కడ!" అన్నారు అబ్బాయి తల్లి, పాఠం అప్పజెప్పినట్టుగా. వెయిటర్ కాఫీ ట్రే తెచ్చి కప్పులు దించబోతుంటే ఆంటీ అతన్ని చేత్తో ఆపి, ట్రేని నా ముందుకు జరిపి, "నువ్వు అందించమ్మా," అన్నారు.

ట్రే అంచు వేళ్ళకు తగలగానే అంతా అర్థమైంది. ఇవి పెళ్ళిచూపులు. కూర్చున్నది గ్రీసులో, ఎదురుగా వెనిస్ వాళ్ళ కోట, అయినా కాఫీ అందించాల్సింది నేనే.

"పర్మిట్ ఎప్పటిదాకా ఉందమ్మా? పి.ఆర్.కి అప్లై చేశావా?" అని అడిగారు ఆ తల్లి. నేను ఆంటీ వైపు తిరిగాను. "ఆంటీ, నా పాస్‌పోర్ట్ ఇవ్వండి." అబ్బాయి తల్లి తన బ్యాగు దగ్గరకు లాక్కుని, "అమ్మాయి పాస్‌పోర్ట్ మీ దగ్గరుందేంటండీ? ఏమైనా ప్రాబ్లమా?" అన్నారు. కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే ఆ పి.ఆర్. కోసం వాళ్ళబ్బాయికి వల వేస్తున్నామని ఆవిడ అనుమానం. ఆ అబ్బాయి ఆటలోంచి చూపు తిప్పి, "అమ్మాయికి తెలుసన్నారు కదా మమ్మీ?" అన్నాడు. వాళ్ళ నాన్నగారొక్కరే పంచదార ఏదని వెతుక్కుంటున్నారు.

ఆంటీ జిప్ తీశారు. పాస్‌పోర్ట్ గుండెకు అదుముకుని కోట ముందున్న కాలువ మీది వంతెన దాటి లోపలికి వెళ్ళిపోయాను. పైదాకా ఎక్కి కూర్చున్నాను. కింద ఊరంతా పెంకుల కప్పులు, అవతల ఏదో దేశపు కొండలు. ఎంత చదివానో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఎండ వాలాక దిగి వచ్చేసరికి ఆంటీ మైదానం పక్క బెంచీ మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. "నా మీద కోపం దేనికే తల్లీ? ఫోన్ చేసి అడిగింది మీ అమ్మగారే. చెబితే రాదండీ, చెప్పకుండా తీసుకెళ్ళండి అన్నారు," అన్నారు. హ్యాండ్‌బ్యాగ్ జిప్ లాగుతూ, "పాస్‌పోర్ట్ కూడా మీ దగ్గరే ఉంచుకోండి, మధ్యలో అలిగి వెళ్ళిపోతుంది అన్నదీ ఆవిడే," అన్నారు.

ఆ రోజు నేను అనుమానించని మనిషి లేదు, మిఠాయి కొట్టాయనతో సహా. రాజమండ్రిలో ఉన్న అమ్మ ఒక్కతే నా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు సంబంధాలన్నీ ఫోన్‌లోనే వస్తున్నాయి, పేరు కింద వీసా సంగతి కూడా ముందే రాసి ఉంటుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు నచ్చకపోతే అక్కడికక్కడే చెప్పేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. నాలో మారింది మాత్రం చాలా చిన్న విషయం. అంతకుముందు అమ్మతో ఫోన్‌లో అన్నీ చెప్పేదాన్ని, ఏం చదివానో, క్లాసులో ఎవరు నవ్వారో, ఎందుకు ఏడుపొచ్చిందో. ఇప్పటికీ ఆదివారం అమ్మ ఫోన్ చేస్తుంది, ప్రేమగానే మాట్లాడుకుంటాం. నువ్వు ముందులా కబుర్లు చెప్పడం లేదేమే అంటుంది అప్పుడప్పుడూ. ఇక్కడ చలి బాగా ఉందమ్మా అంటాను.