బ్రేకు మీద కాలు

నిదానం అనేది అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, బస్సు డిపో పెట్టిన పేరు. సిటీ బస్సు నడుపుతూ నోరు పారేసుకోనివాడు, అడ్డం వచ్చినవాడి తల్లిదండ్రుల్ని తలుచుకోనివాడు వెతికినా దొరకడు. అలాంటివాడు ఆ డిపోకి ఇతనొక్కడే. బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చే ముసలివాళ్ళ కోసం కూడా ఆపేవాడు. "నిదానమే ప్రధానమని అందరూ బండి వెనకాల రాయిస్తారు, మా బావ స్టీరింగు ముందు కూర్చుని చూపిస్తాడు" అని బావమరిది నలుగురిలో నవ్వేవాడు. అతనూ అక్కడే డ్రైవరు. బావే దగ్గర కూర్చోబెట్టుకుని బండి నేర్పాడు.

అంతటి నిదానాన్నీ టైము తినేసింది. రోడ్డు మీద ఇప్పటి బండ్లలో సగం కూడా లేని రోజుల్లో ఎవరో పెద్దమనుషులు గదిలో కూర్చుని ట్రిప్పుకి ఇంత టైమని గీత గీశారు. తర్వాత సిగ్నళ్ళు వచ్చాయి, స్కూళ్ళు వచ్చాయి, నడిరోడ్డు మీద తవ్వకాలు వచ్చాయి. టైము మాత్రం పెరగలేదు సరికదా, ఇంకాస్త కోశారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆలస్యమైతే కంట్రోల్ రూము నుంచి ఫోను: "ఎక్కడ చచ్చావయ్యా?" ఎక్కినవాళ్ళు వీపు వెనక తిడితే, ఫోనులోవాళ్ళు చెవిలో తిట్టేవాళ్ళు. మధ్యలో దిగే వీలు లేదు గనక డ్యూటీలో నీళ్ళు తాగడం మానేశాడు. చివరి స్టాపులో ఇంజను ఆపకుండానే నాలుగు ముద్దలు మింగేవాడు. అవి కడుపులో అరిగేవి కావు, ఛాతీలో మండేవి.

ఇంటికొచ్చినా బస్సు దిగేవాడు కాదు. వీధిలో హారను మోగితే ఉలిక్కిపడేవాడు. పేరు పెట్టి పిలిచిన పక్కింటాయన ఎవరో ఒక్కక్షణం గుర్తొచ్చేది కాదు. ఒకనాడు కూతురు అడిగిందే మళ్ళీ అడిగిందని కంచం విసిరేశాడు. విసిరాక ఆ చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. నిద్రపడితే కుడికాలు బ్రేకు తొక్కేది. ఆ బ్రేకు భార్య పిక్క. "పక్కన పడుకున్నట్టు లేదండీ, మీ బస్సు కింద పడుకున్నట్టుంది" అని ఆవిడ గోడవైపు జరిగేది. మొదట్లో నవ్వుతూనే అనేది.

డ్రైవర్లకు ఏటా జరిగే పరీక్షలో డాక్టరు బీపీ చూసి, నమ్మలేక మళ్ళీ పట్టీ కట్టాడు.

"ఇలా ఉంటే స్టీరింగు ఇవ్వడం కుదరదు. గుండెకే ముప్పు. టెన్షను తగ్గించుకో."

"ఎలా సార్?"

"పొద్దున్నే నడువు. ప్రశాంతంగా ఉండు."

ప్రశాంతంగా ఉండమంటూనే ఆయన రెండుసార్లు గోడగడియారం చూశాడు. పాపం, ఆయనకీ బయట వరస ఉంది.

డిపో మేనేజరు దయతలిచి తేలిక పని ఇచ్చాడు. ఏ పనో తెలుసా? కంట్రోల్ రూములో ఫోను. మరుసటి పరీక్షకు బీపీ దిగిరాకపోతే ఇంటికి పంపేస్తామని ఆ దయకు తోక కూడా తగిలించాడు. మొదట్లో నిదానం డ్రైవర్లను మెల్లగానే అడిగేవాడు. వెనక నిలబడ్డ మేనేజరుకు ఒళ్ళు మండేది. ఓ పొద్దున అనేశాడు: "ఏమయ్యా, బతిమాలుతున్నావా? వాళ్ళు టైముకి రాకపోతే నీకీ కుర్చీ ఉండదు."

ఆ మధ్యాహ్నమే ఎవరో డ్రైవరు మీద మొదటిసారి గొంతు చించుకున్నాడు. ఫోను పెట్టేసరికి మెడ మీద బరువేదో దిగినట్టయింది. సిగ్గుపడాల్సింది, హాయిగా అనిపించింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం ఎంత సుఖమో దుత్తకేం తెలుస్తుంది! రోజూ అరిచాడు. ఛాతీ మంట పోయింది, నిద్ర పట్టింది, కాలు కదలడం మానేసింది. మరుసటి పరీక్షలో బీపీ బుద్ధిగా దిగొచ్చింది. "చూశావా నడక మహిమ" అన్నాడు డాక్టరు. నిదానం ఒక్కరోజూ నడవలేదు.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది బావమరిది. నిదానం వదిలిన రూటే అతనికి పడింది. సొంతవాణ్ణి వెనకేసుకొచ్చాడని ఎవరూ అనకూడదని ఇతను ఇంకో మోతాదు ఎక్కువ వేసేవాడు.

ఒకరోజు అటునుంచే ఫోను వచ్చింది. "బావా, ఛాతీ పట్టేసినట్టుంది. ఇంకెవరినైనా పంపు, దిగిపోతా."

"ఛాతీలు మాకు లేవా? మేం నడపలేదా? ముందు బండి తియ్యి."

బావ మాట కాదనలేక తీశాడు. కాస్త దూరం పోయాక బస్సును జాగ్రత్తగా పక్కకు ఆపి స్టీరింగు మీద వాలిపోయాడు.

ప్రాణం దక్కింది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడగానే అతను అడిగిన మొదటి మాట, "లేటయిందా బావా?"

అతను మళ్ళీ మగతలోకి జారుకున్నాడు. కాళ్ళ దగ్గర కూర్చున్న అక్క, అంటే నిదానం భార్య, దుప్పటి వైపే చూస్తోంది. దుప్పటి కింద తమ్ముడి కుడికాలు మంచం పట్టెను తొక్కుతోంది, వదులుతోంది, తొక్కుతోంది.

"ఈ కాలు నాకు తెలుసు" అందామె. "వీణ్ణి బండి తియ్యమన్నది ఎవరు?"

"నేనే."

"మీకు తగ్గిందని సంబరపడ్డాను. తగ్గలేదండీ. దించి వీడి నెత్తిన పెట్టారు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది అతనికి. చేసింది పాపమని అతనికి తెలుసు. దానికి మేనేజరు వాటా ఎంత, తన వాటా ఎంత అని పంచి చూసుకున్నా తనది తగ్గలేదు.

మర్నాటి నుంచి ఫోనులో అతని మాట మారింది. "మెల్లగా రా నాయనా. చివరి స్టాపులో నీళ్ళు తాగి రా." మేనేజరు తిట్లు యథాప్రకారం పడుతూనే ఉన్నాయి. కాకపోతే అవి ఇక ఫోనులోకి వెళ్ళడం లేదు, ఇతని దగ్గరే ఆగిపోతున్నాయి.

మళ్ళీ పరీక్ష వచ్చింది. డాక్టరు పట్టీ కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు.

"నడక మానేశావా?"

"నడక కాదు సార్. అరవడం మానేశాను."

డాక్టరుకు అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు. పనికిరాడని రాసి, తర్వాతివాణ్ణి పిలిచాడు.

ఆ రాత్రి నిద్రలో అతని కుడికాలు మళ్ళీ బ్రేకు తొక్కింది. భార్య మెలకువగానే ఉంది. ఈసారి ఆవిడ గోడవైపు జరగలేదు.