ఆరని కాగితపు బిళ్ళలు

మా నాయన గొర్రెల కాపరి. మడకశిర పక్కన మా ఊళ్ళో గొర్రెకు దెబ్బ తగిలితే గాయపాకు నలిపి పసరు పిండేవాడు. నేను అనంతపురంలో చదువుకుంటూ, మందుమొక్కల పసర్లకు సూక్ష్మజీవులు చస్తాయా లేదా అని పరీక్షిస్తున్న రోజులవి. నాయన సంచీ నిండా ఆ ఆకు కోసుకుని నా అద్దె గదికి వచ్చాడు. ఆయన అరికాల్లో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. షుగరు కూడా ఉందని, రోజూ సూది వేయించుకోవాలని పెద్దాసుపత్రిలో చెప్పారు.

"దీన్ని చూడు పాపా. పని చేస్తాదని నువ్వు చెప్తే సాలు," అన్నాడు.

ఆకును ఎండబెట్టి దంచి స్పిరిట్‌లో నానబెట్టాను. వడపోత కాగితాన్ని పంచింగ్ మిషన్‌తో గుండ్రంగా కొట్టి, ఆ బిళ్ళలకు రసం పట్టించి, సూక్ష్మజీవులు పూసిన గాజు పళ్ళెంలో పెట్టాలి. బిళ్ళ చుట్టూ అవి పెరగకపోతే ఆకు పనిచేసినట్టు. అయితే ముందు బిళ్ళలోని స్పిరిట్ పూర్తిగా ఆరాలి, లేకపోతే స్పిరిటే వాటిని చంపేస్తుంది. పక్కన వట్టి స్పిరిట్ పట్టించిన బిళ్ళ కూడా ఒకటి ఉండాలి. కరెంటు పోతుందన్న తొందరలో రెండూ వదిలేశాను. నిజానికి కరెంటు ఒక సాకు. ఆ ఆకు గెలవాలని నాకే ఆత్రం.

మరునాడు బిళ్ళ చుట్టూ తేటగా వలయం! కాలేజీ వరండాలో కూర్చున్న నాయన దగ్గరికి పళ్ళెం పట్టుకుని పరుగెత్తాను.

"ఇంగ సూదులెందుకు? మన ఆకే ఉండాది," అని ఆ రోజు బస్సుకే ఊరికి పోయాడు. నేను ఆపలేదు.

వారం తర్వాత మా సారు వట్టి స్పిరిట్ బిళ్ళ ఏదని అడిగారు. అదీ ఆరబెట్టకుండానే పెట్టి చూశాను. ఆకు లేని బిళ్ళ చుట్టూ కూడా అంతే వలయం. బాగా ఆరబెట్టి చూస్తే ఆకు బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. దొరికిన బస్సెక్కాను.

నేను పోయేసరికి పాదం నల్లబడింది. పెద్దాసుపత్రికి తెస్తే కాలు మోకాలి దాకా తీసేశారు.

నాలుగో రోజు నాయన పక్క మంచం ముసలాయనతో అంటున్నాడు: "నేనే సరిగా కట్టుకోల్యా. మా పాప పరీక్ష చేసిన ఆకప్పా అది. నీ పుండుకు గూడా పెట్టుకో."

అప్పుడు నాయనకు నిజం చెప్పాను. ఆ ముసలాయన లేకపోతే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదేమో.

నాయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"గొర్రెలకు తగ్గుతాండె కదమ్మా," అన్నాడు.